గొంతు వెంట నడిచే పెట్టె

పాలమూరు దిక్కు ఊరి భజనల్లో పాట ముందు పుడుతుంది, శ్రుతి వెనక వస్తుంది. కచేరీ అయితే తంబురా కుదిరాక, షడ్జం నిలిచాక గాయకుడు నోరు విప్పుతాడు. రామాలయం అరుగు మీద ఆ వరస నడవదు. ఎవరికో ఒక కీర్తన మనసులో మెదులుతుంది, వెంటనే ఎత్తుకుంటాడు. ఆ క్షణాన అతని గొంతు ఎక్కడ నిలబడితే అదే ఆ పాటకు ఆధారం. హార్మోనియం ముందు కూర్చున్న మనిషి పల్లవి రెండోసారి తిరిగేలోపు ఆ ఆధారాన్ని పట్టుకోవాలి. పట్టుకున్నాక తన వేళ్లను అక్కడికి మార్చుకోవాలి. మార్చుకున్న సంగతి వినేవాళ్లకు తెలియకుండా పాటలో కలిసిపోవాలి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఈ పనినే నమ్ముకున్నవాళ్లున్నారు. భజన మండలిలో పెట్టె వాయించే పెద్దాయన, పద్య నాటకానికి పిలిపించుకునే హార్మోనిస్టు, పెళ్లి బ్యాండులోనూ వినాయక మండపం దగ్గరా కీబోర్డు మీద కూర్చునే కుర్రవాడు: ముగ్గురిదీ ఒకే విద్య. పాట ఏ శ్రుతిలో ఉందో చెవితో కనిపెట్టడం, తెలిసిన వరసను ఆ శ్రుతికి మార్చి వాయించడం. సభలో చప్పట్లు పాడినవాళ్లకే పడతాయి కాబట్టి ఈ విద్య మీద ఎవరి చూపూ నిలవదు. వేళ్లను దగ్గర నుంచి గమనిస్తే మాత్రం అది ఎంత నాణ్యమైన పనితనమో కనబడుతుంది. ఆ నాణ్యతకు మూలం ఒక్క నిర్ణయం: గొంతు పెట్టె దగ్గరికి రానక్కర్లేదు, పెట్టే గొంతు దగ్గరికి వెళ్లాలి.

ఇన్ని రకాల గొంతుల నేల

ఈ ప్రాంతపు హార్మోనిస్టుకు ఒక్క తరహా పాట వస్తే సరిపోదు. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డకు ఒక పక్క రాయచూరు, ఇంకో పక్క కర్నూలు. ఐజ దగ్గరి ఉత్తనూరులో 18వ శతాబ్దంలో గోపాలదాసులు కన్నడంలో దాస కీర్తనలు చెప్పారు. మన్యంకొండ హనుమద్దాసు, రాకంచర్ల వెంకటదాసు తెలుగు కీర్తనలు పాలమూరు భజన పుస్తకాల్లో పక్కపక్కనే ఉంటాయి. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు కవి పండితులను పిలిచి గౌరవించాయి; తిరుపతి వేంకట కవులు ఈ ఆస్థానాలకు వచ్చినవాళ్లే. వాళ్లు రాసిన పాండవ నాటకాల పద్యాలు తర్వాతి కాలంలో హార్మోనియంతో జతకట్టి తెలుగు ఊళ్లన్నీ తిరిగాయి.

ఇక పాటగాళ్లు. నాగర్‌కర్నూల్ జిల్లా తెలకపల్లి మండలం గౌరారం గోరటి వెంకన్నది. ‘వల్లంకి తాళం’కు 2021 సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న ఈ కవి ఒంటి గొంతుతోనే చిందేస్తూ సభను నిలబెట్టగలడు. అదే జిల్లా లింగాల మండలం అవుసలికుంట నుంచి పన్నెండు మెట్ల కిన్నెర భుజాన వేసుకుని వచ్చిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ ప్రకటించారు. కన్నడ దాస కీర్తన, తెలుగు భజన, నాటక పద్యం, జానపదం, వీటి మీద సినిమా పాట: ఒక్క రాత్రి ఒక్క అరుగు మీద ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి రావచ్చు. ప్రతి పాటకూ పాడే మనిషి మారుతాడు, మనిషితో పాటు శ్రుతి మారుతుంది.

పన్నెండు చోట్లు

మన సంగీతగాళ్లు శ్రుతిని అంకెలతో చెప్పుకుంటారు. హార్మోనియం మీద తెల్ల మెట్లు ఒకటి నుంచి ఏడు. మధ్యలో వచ్చే నల్ల మెట్లు అరలు: ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. మూడున్నర ఉండదు, ఏడున్నర ఉండదు, ఎందుకంటే మూడుకీ నాలుగుకీ మధ్య, ఏడుకీ పై ఒకటికీ మధ్య నల్ల మెట్టు లేదు. ఏడు తెల్లవి, ఐదు నల్లవి కలిపి పన్నెండు చోట్లు. పాశ్చాత్యులు సీ అనేది మనకు ఒకటి, సీ షార్ప్ ఒకటిన్నర, డీ రెండు, ఎఫ్ నాలుగు, జీ ఐదు. హిందుస్తానీవాళ్లు ఇదే పెట్టె మీద సఫేద్ ఏక్, కాలీ ఏక్ అని లెక్కపెడతారు.

ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా ధ్వని కంపనం సుమారు ఆరు శాతం పెరుగుతుంది. మధ్య స్థాయిలో ఒకటి శ్రుతి సెకనుకు దాదాపు 261.6 కంపనాలు, ఒకటిన్నర 277.2, ఐదు 392. పన్నెండు మెట్లు ఎక్కితే సరిగ్గా రెట్టింపు, అంటే పై షడ్జం. మెట్లన్నిటి మధ్యా ఎడం సమానంగా ఉండటం వల్లనే శ్రుతి మార్చడం అనే పని సాధ్యమవుతుంది. ఒక పాటలోని స్వరాలన్నిటినీ మూడేసి మెట్లు పైకి జరిపితే పాట పాటలాగే ఉంటుంది, దాని చోటు మాత్రమే మారుతుంది.

గొంతుకు ఇది కష్టమైన పని కాదు. పల్లవిని నిన్న ఒకటిలో పాడినవాడు ఈరోజు జలుబు చేస్తే కింది ఏడులో పాడతాడు, తను మార్చిన సంగతి కూడా అతనికి తెలియదు. స రి గ మ లు ఎక్కడ షడ్జం పెట్టుకుంటే అక్కడ నుంచి నడిచేవి కాబట్టి నోటి లెక్క మారదు. చేతి లెక్క మారుతుంది. గొంతుకు మెట్లు లేవు, పెట్టెకు ఉన్నాయి. ఆ తేడానంతా పెట్టె వాయించేవాడి వేళ్లు మోస్తాయి.

శ్రుతి పట్టే తీరు

అనుభవం ఉన్న హార్మోనిస్టు పాట మొదలవగానే మెట్లు నొక్కడు. ముందు వింటాడు. ఎడమ చేయి తిత్తిని మెల్లగా ఆడిస్తూ గాలి నింపి ఉంచుతుంది, కుడి చేయి మెట్ల మీద ఆని ఉంటుంది కానీ నొక్కదు. అతను వెతికేది పాట మొదటి స్వరాన్ని కాదు. కొత్తవాళ్లు పొరపడేది ఇక్కడే. మొదటి స్వరం పంచమం కావచ్చు, గాంధారం కావచ్చు, కింది ధైవతం కావచ్చు. దాన్నే షడ్జం అనుకుంటే పాటంతా పక్కకు జరుగుతుంది. అతను వెతికేది పాట ఊపిరి వదిలే చోటు. పల్లవి చివర, తాళం సమం మీద, గుంపంతా కలిసి ఆగే స్వరం. భజనలో ఆ చోటు బాగా తెలుస్తుంది, ఎందుకంటే పాడేవాడితో పాటు పది మంది అక్కడికి వచ్చి చేరతారు. నూటికి తొంభై పాటల్లో అదే షడ్జం.

అప్పుడు ఒక్క వేలు కదులుతుంది. అంచనా వేసిన మెట్టును గొంతు కింద దాగేంత సన్నగా నొక్కి చూస్తాడు. కలిస్తే ఆ స్వరం గొంతులో కరిగిపోతుంది. కలవకపోతే అల అలగా ఒక వణుకు వినిపిస్తుంది. దగ్గర దగ్గరగా ఉండి ఒకటి కాని రెండు ధ్వనులు కలిసినప్పుడు వచ్చే వణుకు అది. వణుకు వేగంగా ఉంటే దూరం ఎక్కువ, నెమ్మదిగా ఉంటే దగ్గరికి వచ్చినట్టు. ఆ వణుకే అతనికి దారి చెబుతుంది.

షడ్జం దొరికాక పంచమాన్ని జతచేస్తాడు. స-ప రెండూ కలిసి నిలిస్తే ఆధారం ఖాయమైనట్టే. ఇక మూడోది గాంధారం. షడ్జం నుంచి నాలుగు మెట్ల మీద ఉంటే అంతర గాంధారం, మూడు మెట్ల మీద ఉంటే సాధారణ గాంధారం. కీబోర్డు కుర్రాళ్లు దీన్నే మేజరా మైనరా అని అడుగుతారు. పాట మొహం నవ్వు మొహమా దిగులు మొహమా అనేది చాలావరకు ఈ ఒక్క మెట్టు తేడాలో తేలుతుంది. షడ్జం, పంచమం, గాంధారం ఈ మూడూ తెలిశాక మిగతా స్వరాలు పాట నడుస్తూ ఉండగానే ఒక్కొక్కటిగా చేతికి వస్తాయి. రెండో పల్లవికి పెట్టె నిండు గొంతుతో వచ్చి కలుస్తుంది.

ఒకే మెట్లు, ఐదు రాగాలు

ఈ చెవి పనిలో ఎంత లోతు ఉందో తెలియడానికి మోహన రాగం ఒక్కటి చాలు. స రి గ ప ద, ఐదే స్వరాలు. ఒకటి శ్రుతిలో అన్నీ తెల్ల మెట్ల మీదే పడతాయి. ఆరున్నర శ్రుతిలో షడ్జం ఒక్కటే నల్ల మెట్టు, మిగతా నాలుగూ తెల్లవి. ఒకటిన్నరలో గాంధారం ఒక్కటి తెల్ల మెట్టు, మిగతావి నల్లవి. నాలుగున్నర శ్రుతిలో మోహనం మొత్తం ఐదు నల్ల మెట్ల మీదే నడుస్తుంది, ఒక్క తెల్ల మెట్టూ తాకదు. పాట ఒక్కటే అయినా నాలుగు శ్రుతుల్లో నాలుగు నడకలు. హార్మోనిస్టు వేళ్లు ఈ నడకలన్నీ కంఠస్థం చేసినట్టు చేసి ఉంటాయి. ఆడవాళ్ల గొంతు ఐదు చుట్టుపక్కల, మగవాళ్ల గొంతు ఒకటి చుట్టుపక్కల ఉండటం మామూలు కాబట్టి ఒకే కీర్తనను రెండు చోట్లా తడబడకుండా వాయించగలగడం అతనికి కనీస అవసరం.

ఇప్పుడు ఆ ఐదు నల్ల మెట్లనే ఇంకో వైపు నుంచి చూడండి. నాలుగున్నరను షడ్జం చేసుకుంటే మోహనం. అవే మెట్లు, ఐదున్నరను షడ్జం చేసుకుంటే మధ్యమావతి. ఆరున్నర షడ్జమైతే హిందోళం. ఒకటిన్నర షడ్జమైతే శుద్ధ సావేరి. రెండున్నర షడ్జమైతే శుద్ధ ధన్యాసి. విద్వాంసులు గ్రహభేదం అని చెప్పే ఈ కిటుకు భజన అరుగు మీద ప్రతిరోజూ ఎదురయ్యే చిక్కు. పాడేవాడు వాడుతున్న స్వరాలన్నీ దొరికాయి, అన్నీ నల్ల మెట్లే. అయినా శ్రుతి తెలిసినట్టు కాదు. ఆ ఐదింటిలో పాట ఏ మెట్టు మీద కూర్చుంటోంది? దానికి జవాబు మెట్లలో ఉండదు, పాట ఆగే తీరులో ఉంటుంది. స్వరాలను పోగు చేసుకోవడం లెక్క. షడ్జాన్ని గుర్తించడం వినికిడి. మంచి హార్మోనిస్టు రెండో పనిని ముందు చేస్తాడు.

కార్డులు మార్చే కుర్రాళ్లు

కీబోర్డు, గిటారు వచ్చాక ఇదే విద్య ఇంకో వేషం కట్టింది. ఇప్పుడు పాట వెనక ఒక్కో స్వరం కాక మూడేసి స్వరాల కార్డులు నడుస్తున్నాయి. ఒకటి శ్రుతిలో కట్టిన పాటకు సీ, ఏ మైనర్, ఎఫ్, జీ అనే నాలుగు కార్డులు ఉన్నాయనుకుందాం. పాడే అమ్మాయికి ఆ శ్రుతి దిగువైంది, రెండున్నర కావాలంది. మూడు మెట్లు పైకి జరపాలి. సీ పోయి డీ షార్ప్ అవుతుంది, ఏ మైనర్ సీ మైనర్ అవుతుంది, ఎఫ్ జీ షార్ప్ అవుతుంది, జీ ఏ షార్ప్ అవుతుంది. మేజర్ మేజర్‌గానే, మైనర్ మైనర్‌గానే ఉంటుంది. జరిగే దూరం అన్నిటికీ ఒక్కటే.

కాగితం మీద ఇలా ఒక్కొక్కటీ లెక్కపెట్టి రాసుకునేవాళ్లు ఉన్నారు. చెయ్యి తిరిగినవాడు లెక్కపెట్టడు. అతనికి సీ కార్డు సీ కాదు, షడ్జం కార్డు: స గ ప. ఏ మైనర్ ధైవతం కార్డు: ద స గ. ఎఫ్ మధ్యమం కార్డు: మ ద స. జీ పంచమం కార్డు: ప ని రి. పాటను ‘స, ద, మ, ప’ అని గుర్తుపెట్టుకుంటే ఏ శ్రుతికి మార్చినా ఆ వరస మారదు. అమెరికాలోని నాష్‌విల్ స్టూడియోల్లో 1950ల చివర్లో నీల్ మాథ్యూస్ అనే గాయకుడు కార్డుల పేర్లకు బదులు అంకెలు రాసే పద్ధతి ఒకటి తయారు చేశాడు. గాయకుడు శ్రుతి మార్చమన్నా కాగితం మార్చనక్కర్లేకుండా ఆ స్టూడియోల్లో దాన్నే వాడుకున్నారు. మన దగ్గర చిన్నప్పుడు సరళీ స్వరాలు పాడిన ఎవరికైనా ఆ పద్ధతి నోట్లోనే ఉంది. కీబోర్డు నేర్చుకునే పిల్లలకు ఇది మొదటి రోజే చెప్పాల్సిన సంగతి.

కార్డుల నుంచి శ్రుతిని వెనక్కి పట్టుకునే కిటుకు కూడా ఒకటుంది. శంకరాభరణం తరహా పాటలో రెండు మెట్ల ఎడంతో పక్కపక్కనే ఉండే మేజర్ కార్డులు ఒక్క చోటే వస్తాయి: మధ్యమం మీద ఒకటి, పంచమం మీద ఒకటి. కాబట్టి పాటలో ఎఫ్, జీ రెండూ మేజర్లుగా వినిపిస్తే, ఎఫ్‌ను మధ్యమం అనుకుని కిందికి లెక్కపెడితే షడ్జం సీ దగ్గర తేలుతుంది. ఇక్కడా పాత జాగ్రత్తే పనికొస్తుంది. అవే కార్డులు ఏ మైనర్ మీద ఆగే పాటలోనూ ఉంటాయి. అప్పుడు పాట ఆగే చోటే తీర్పు చెప్పాలి.

కార్డు ఎక్కడ వేయకూడదో తెలియడం ఇంకా మేలైన పనితనం. మోహనంలో మధ్యమం లేదు, నిషాదం లేదు. అలాంటి పాట కింద మధ్యమం కార్డు వేస్తే రాగంలో లేని స్వరం వచ్చి కూర్చుంటుంది. పంచమం కార్డు పూర్తిగా వేసినా నిషాదం దూరుతుంది. వివేకం ఉన్న కీబోర్డిస్టు అక్కడ స-ప, ప-రి అని రెండేసి స్వరాలతో సరిపెట్టి, ధైవతం మీద మాత్రం ద-స-గ నిండుగా వేస్తాడు. పాటకు నిండుదనం వస్తుంది, రాగం చెడదు. ఇంత ఆలోచన ఒక్క చప్పట్ల విరామంలో జరిగిపోతుంది.

రాయబారం రాత్రి

హార్మోనిస్టుకు అసలు పరీక్ష పద్య నాటకం. మైకులు లేని రోజుల్లో చివరి వరసకు వినిపించడానికి నటులు పై శ్రుతుల్లో పాడటం అలవాటు చేసుకున్నారు, ఆ అలవాటు మైకులు వచ్చాకా పోలేదు. పేరున్న నటులను వేర్వేరు ఊళ్ల నుంచి పిలిపించి నాటకం వేస్తే కృష్ణుడు ఒక ఊరివాడు, అర్జునుడు ఒక ఊరివాడు, దుర్యోధనుడు ఇంకో ఊరివాడు. అందరికీ ఒకే శ్రుతి కుదిరితే సరే. కుదరనప్పుడు భారమంతా పెట్టె మీద పడుతుంది.

రాయబారం నాటకంలోని పడక సీనునే తీసుకోండి. ఒకే చోట ముగ్గురు, పద్యం మీద పద్యం. కృష్ణుడిది నాలుగు శ్రుతి, అర్జునుడిది ఐదున్నర అనుకుందాం. కృష్ణుడు పద్యం చివర రాగం తీసి వదులుతాడు. చప్పట్లు లేచి పడే వ్యవధిలో హార్మోనిస్టు నాలుగు నుంచి ఐదున్నరకు చేరాలి, చేరి అర్జునుడికి అతని షడ్జం చెవిలో పెట్టాలి. ఉన్నట్టుండి దూకితే వినేవాళ్లకు కుదుపు తెలుస్తుంది. అందుకని రెంటికీ పొత్తుగా ఉన్న స్వరాన్ని వంతెన చేసుకుంటాడు. నాలుగు షడ్జంగా ఉన్నప్పుడు ఐదున్నర సాధారణ గాంధారం. కృష్ణుడి రాగం ముగింపు కింద చిన్న సంచారం చేస్తూ ఆ గాంధారం మీదికి వచ్చి ఆగుతాడు, కాస్త నిలుపుతాడు, దాని మీద కొత్త పంచమాన్ని చేరుస్తాడు. ఒక్క శ్వాసలో నిన్నటి గాంధారం ఈనాటి షడ్జమైపోతుంది. అర్జునుడు తల వంచి అందుకుంటాడు. సభకు కనబడేది అర్జునుడు అందుకోవడం ఒక్కటే.

తబలా వాయించేవాడికీ ఇందులో వాటా ఉంది. కుడి తబలా ఒక స్వరానికి బిగించి ఉంటుంది. సుత్తితో కట్టెల మీద కొట్టి పైకీ కిందికీ తేవచ్చు కానీ పద్యానికీ పద్యానికీ మధ్య అంత సమయం చిక్కదు. అయినా ఒక వెసులుబాటు ఉంది. ఒకటికి బిగించిన తబలా నాలుగు శ్రుతిలో పంచమమై పలుకుతుంది, ఐదు శ్రుతిలో మధ్యమమై పలుకుతుంది. ఈ లెక్క తెలిసిన జంట సుత్తి ముట్టకుండానే మూడు శ్రుతులు దాటిస్తుంది. తెలియని జంట దగ్గర తబలా ఒక దారి, పెట్టె ఒక దారి.

పెట్టెకు ఉన్న హద్దులు, చేతికి తెలిసిన దారులు

హార్మోనియం యూరప్ నుంచి వచ్చిన వాద్యం. లోపల ఇత్తడి రీడ్లు, వాటి మీదుగా గాలి. రీడు కొసను గీకితే స్వరం పైకి వెళ్తుంది, మొదలు దగ్గర గీకితే దిగుతుంది. మరమ్మతు చేసేవాళ్లు శ్రుతి సరిచేసేది ఇలాగే. వాయించేటప్పుడు మాత్రం మెట్టు ఎక్కడుందో స్వరం అక్కడే. జారదు, ఊగదు, గమకం పలకదు. ఈ లోపాన్ని ఎత్తిచూపి ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని తన స్టూడియోల నుంచి తప్పించింది. 1971 దాకా ఆ నిషేధం నడిచింది.

ఆ లోపంతో కాపురం చేయడం ఊరి హార్మోనిస్టు నేర్చుకున్నాడు. గొంతు గమకంతో ఊగే చోట అతను మెట్టు నొక్కి పట్టుకోడు, గాలి తగ్గించి షడ్జం మాత్రం ఉంచుతాడు. గొంతు నిలకడకు వచ్చిన చోట మళ్లీ నిండుగా వస్తాడు. పాడేవాడి ఆధారం రెండు మెట్ల మధ్య పడినప్పుడు కింది మెట్టును ఎంచుకుని, సన్నగా పట్టి, గొంతు తనంతట తాను వచ్చి కలిసేదాకా ఓపిక పడతాడు. చుట్టూ స్థిరమైన స్వరం వినబడుతుంటే గొంతు దాని వైపు మొగ్గడం సహజం. గట్టిగా నొక్కితే పాడేవాడు బెదురుతాడు, సన్నగా పడితే చేరుతాడు.

ఇంకో కష్టం భజనల్లో తరచూ వస్తుంది. తాళాల వేగం పెరిగేకొద్దీ, ఉత్సాహం ఎక్కేకొద్దీ గుంపు గొంతు పైకి పాకుతుంది. రెండున్నరలో మొదలైన కీర్తన నాలుగో చరణానికి మూడు వైపు జరుగుతుంది. అప్పుడు గుంపుతో పోట్లాడటం దండగ. చరణం ముగిసి తాళాలు మాత్రమే మోగే నాలుగు ఆవర్తాల్లో మొత్తం నడకను ఒక మెట్టు పైకి ఎత్తి, పల్లవి దగ్గర కొత్త చోట కలుసుకుంటాడు. వేళ్లన్నీ కొత్త మెట్ల మీద, పాట మాత్రం తెగకుండా.

కిన్నెర చెప్పే నీతి

మొగులయ్య కిన్నెరను ఈ వరసలో ఎందుకు తలుచుకోవాలంటే, అందులో గొంతూ వాద్యమూ ఒకే మనిషివి. వెదురు దండె, కింద సొరకాయ బుర్రలు, దండె మీద మైనంతో నిలబెట్టిన మెట్లు. హార్మోనియం మెట్లు కార్ఖానాలో కొలిచి పెట్టినవి. కిన్నెర మెట్లు పాడే మనిషి చెవి పెట్టినవి. అతను పాడే చోటుకే తీగె బిగుసుకుంటుంది. అక్కడ శ్రుతి మార్చే పని అసలు పుట్టదు, ఎందుకంటే శ్రుతి వేరుగా లేదు. 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాట మొదట్లో ఆ కిన్నెర, ఆ గొంతు లోకానికంతా వినబడ్డాయి. అలాంటి వాద్యం పెద్ద మేళంలోకి వచ్చినప్పుడు జరగాల్సింది మర్యాద తెలిసిన ప్రతి హార్మోనిస్టుకూ తెలుసు. కిన్నెరను కీబోర్డు దగ్గరికి లాగితే దాని నాదం పోతుంది. ఎలా పలికితే అలా దాన్ని ఉంచి, కీబోర్డే శ్రుతి మార్చుకుని దాని దగ్గరికి రావాలి. గోరటి వెంకన్న వంటి కవి ఒంటి గొంతుతో పాట ఎత్తినప్పుడూ ఇదే న్యాయం. వాద్యం ఆగి, విని, కనుక్కుని, వెనక చేరాలి.

బటన్ వచ్చాక

స్కేల్ ఛేంజర్ అనే హార్మోనియంలో మెట్ల పలక మొత్తం పక్కకు జరుగుతుంది, రీడ్లు ఉన్నచోటే ఉంటాయి. వేళ్లు ఒకటి శ్రుతి నడక నడుస్తుంటే పెట్టె రెండున్నరలో పలుకుతుంది. కీబోర్డులో ఇదే పనిని ట్రాన్స్‌పోజ్ బటన్ చేస్తుంది. రెండూ మంచి సాధనాలే. గొంతుకు తగ్గట్టు పాటను క్షణంలో మార్చగలగడం వల్ల మండపాల దగ్గర కొత్తగా పాడే పిల్లలు, బతుకమ్మ పాట ఎత్తుకునే అమ్మలు తమ గొంతులోనే పాడుకోగలుగుతున్నారు. వెనకటిలాగా పెట్టెకు తెలిసిన శ్రుతిలో గొంతు చించుకోనక్కర్లేదు.

అయితే ఎన్ని మెట్లు జరపాలో బటన్ చెప్పదు. అది చెవి చెప్పాలి. షడ్జం తెలియకుండా బటన్ నొక్కేవాడు తప్పును ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మోస్తాడు, అంతే. కాబట్టి కీబోర్డు నేర్చుకునే పిల్లలు మొదట చేయవలసింది బటన్ ముట్టకుండా ఒక తెలిసిన కీర్తనను పన్నెండు చోట్లా వాయించడం. ముందు మోహనం లాంటి ఐదు స్వరాల వరస, తర్వాత శంకరాభరణం. రోజుకొక శ్రుతి పట్టుకుంటే రెండు వారాల్లోపే ఒక చుట్టు పూర్తవుతుంది. తర్వాత ఎవరైనా పాడుతుంటే వాద్యం లేకుండా కూర్చుని పల్లవి ఆగే స్వరాన్ని తాము కూనిరాగంగా పట్టుకోవడం. ఆ స్వరం నోటికి చిక్కితే మెట్టు దానంతట అదే దొరుకుతుంది.

మండలి పెద్దలు చేయగలిగిన పని కూడా ఒకటుంది. భజన పుస్తకంలో ప్రతి కీర్తన పక్కన పాడే మనిషి పేరు, అతని శ్రుతి అంకె పెన్సిలుతో రాసి ఉంచడం. ఒకే కీర్తనకు ముగ్గురి అంకెలు ఉండవచ్చు, కాలంతో పాటు అవి మారవచ్చు. పాతికేళ్ల తర్వాత ఆ పుస్తకం తిప్పినవాళ్లకు ఆ ఊరి గొంతులు ఎక్కడెక్కడ నిలిచేవో తెలుస్తుంది. రాగం పేరు, తాళం పేరు అచ్చు పుస్తకాల్లో దొరుకుతాయి. ఊరి గొంతు లెక్క ఊరివాళ్లు రాసుకుంటేనే మిగులుతుంది.

నాటకం కరపత్రం మీద కృష్ణుడి పేరు, అర్జునుడి పేరు పెద్ద అక్షరాలతో వేస్తాం. సప్తాహం పత్రిక మీద గాయకుల పేర్లు వరసగా వేస్తాం. హార్మోనియం దగ్గరికి వచ్చేసరికి చాలాసార్లు వాద్య సహకారం అన్న మాటతో సరిపెడతాం. పది గొంతులకు పది శ్రుతులు ఇచ్చి, ఒక్కరినీ ఇబ్బంది పెట్టకుండా రాత్రంతా నడిపించినవాడి పేరు ఆ మాట వెనక ఉండిపోతుంది. వచ్చే శ్రీరామనవమికి కరపత్రం అచ్చు వేయించే మండళ్లు ఆ పేరును గాయకుల పేర్ల సరసన, అంతే పెద్ద అక్షరాలతో వేయించాలి. పాటలో సగం పని అతను చేస్తున్నాడు.